ఆరింటికి పడిపోయే అంకె

నేను బడి తోటమాలిని. ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని. గేటు పక్కనున్న గది పనితో పాటు ఇచ్చారు. పని ఉన్నన్నాళ్ళే గది. అందులో ఒక మంచం, ఒక స్టవ్వు, రెండు కుర్చీలు ఉన్నాయి. రెండో కుర్చీ మా ఆవిడది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు దాని మీద విత్తనాల డబ్బాలు పెడుతున్నాను.

మాటలు నాకు తక్కువ. ఆవిడ ఉన్నప్పుడు ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది.

బడి వెనకాల పన్నెండు మళ్ళున్నాయి. టమాటా, వంగ, మిరప, బీన్సు, గోడ వారన పూల మొక్కలు. ఒకప్పుడు పిల్లలు వారానికి రెండు పీరియడ్లు తోటలోకి వచ్చేవాళ్ళు. కలుపు కన్నా మొక్కల్నే ఎక్కువ పీకేవాళ్ళు. తర్వాత కంప్యూటర్ల గది కట్టారు. ఆ రెండు పీరియడ్లూ దానికి పోయాయి. అద్దాల్లోంచి వాళ్ళు నన్ను చూసేవాళ్ళు, నేను వాళ్ళని చూసేవాణ్ణి. చేపల తొట్టెలో ఉన్నది ఎవరో తెలిసేది కాదు.

ఈ ఏడు కొత్తగా సైన్సు టీచరమ్మ వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలకి ఒక పని పెట్టింది. లోపల కూర్చుని ఏదైనా యంత్రం చెయ్యాలి. అది బయట ఎండలో, మట్టిలో పని చెయ్యాలి. బయట పని చెయ్యకపోతే లోపల ఎంత బాగున్నా సున్నాయే.

పిల్లలు జట్లు జట్లుగా చేరారు. ఒక పిల్లని మాత్రం ఎవరూ కలుపుకోలేదు. ఏడాది మధ్యలో వచ్చిన పిల్ల. ఏదైనా అడిగితే ఆలోచించి చెబుతుంది, ఈలోగా ఇంకెవరో చెప్పేస్తారు. అందుకని దానికి నత్త అని పేరు పెట్టారు. నేనూ ఆ పేరే రాస్తున్నాను. అసలు పేరు నాకెవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

నత్త చేసింది నీళ్ళు పోసే యంత్రం. అరచేతంత పెట్టె. దానికి రెండు ఇనప పుల్లలు, వాటిని మట్టిలో గుచ్చాలి. మట్టి తడిగా ఉంటే పెట్టె మీద అంకె తగ్గుతుంది, ఆరేకొద్దీ పెరుగుతుంది. ఏడొందలు దాటితే బకెట్లో చిన్న మోటారు తిరిగి గొట్టంలోంచి నీళ్ళొస్తాయి. తడిశాక దానంతట అదే ఆగిపోతుంది. టీచరమ్మ ఆ పిల్లకి నా మూడో మడి ఇప్పించింది. టమాటా నారు నాటి పది రోజులైన మడి.

హెడ్మాస్టరు వచ్చి చూశాడు. ఆయనకి బాగా నచ్చింది.

"రెండు వారాలు పోనివ్వండి, సోమవారం వచ్చి చూస్తాను. పని చేస్తే ప్రదర్శనకి పంపుదాం. పన్నెండు మళ్ళకీ ఇవే పెట్టిద్దాం," అన్నాడు. అన్నాక నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "పెద్దాయనా, నువ్వు ఆ పెట్టె జోలికి వెళ్ళకు."

"వెళ్ళను సార్," అన్నాను.

సాయంత్రం అటెండరు టీ తీసుకొచ్చాడు. వాడికి తెలియని సంగతి బడిలో ఉండదు.

"విన్నావా బాబాయ్? నీ ఉద్యోగాన్ని పెట్టెలో పెట్టేశారు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? గది కూడా పోతుంది. ఏదో ఒకటి అను. పోనీ నన్ను తిట్టు."

"టీ చల్లారిపోతోంది."

"నువ్వు బెల్లం కొట్టిన రాయివి కూడా కాదు బాబాయ్. దానికైతే కనీసం చీమలు చేరతాయి."

నేను పొద్దున్న అయిదున్నరకి లేస్తాను. ఆరింటికల్లా నీళ్ళ డబ్బా నింపుకుని మొదటి మడితో మొదలుపెడతాను. మూడో మడి దగ్గర పెట్టెకి తడి తగలకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టి పోసేవాణ్ణి. పెట్టె జోలికి వెళ్ళొద్దన్నారు, వెళ్ళలేదు. మొక్కల సంగతి ఎవరూ ఏమీ అనలేదు. పది రోజుల నారుని ఎండగట్టడానికి మనసొప్పలేదు. పైగా ఆ మోటారు ఒక్కనాడూ తిరగలేదు. నేను పొయ్యకపోతే ఈపాటికి ఈ మొక్కల పని అయిపోయేది అనుకున్నాను. పాపం యంత్రం మరిచిపోతోంది అనుకున్నాను.

మధ్యాహ్నం పూట నత్త టిఫిన్ డబ్బా తెచ్చుకుని ఆ మడి గట్టు మీద కూర్చునేది. గట్టు ఆ చివర ఆ పిల్ల, ఈ చివర నేను. మధ్యలో మూడు గజాలు. పుల్లల్ని సరిచెయ్యాల్సి వస్తే కర్చీఫ్‌తో పట్టుకునేది, మట్టి అంటకుండా. తర్వాత పెట్టె మీది అంకె చూసి నోట్‌బుక్కులో రాసుకునేది. మూడు రోజులు మేము ఏమీ మాట్లాడుకోలేదు. నాలుగో రోజున అడిగింది.

"తాతా, ఇక్కడ కూర్చోవచ్చా?"

"కూర్చో," అన్నాను.

అప్పటికి నాలుగు రోజులుగా కూర్చునే ఉంది.

ఆ తర్వాత రోజుకి రెండు మూడు మాటలు నడిచేవి. "తాతా, ఈ పురుగు కుడుతుందా?" "కుట్టదు." "ఈ ఆకు ఎందుకు ముడుచుకుంది?" "పేను పట్టింది." అంతే. అయినా పన్నెండు గంటల బెల్లు ఎప్పుడు కొడతారా అని చూడడం మొదలుపెట్టాను. అంతకు ముందు ఆ బెల్లు నాకు వినిపించేది కూడా కాదు.

ఎనిమిదో రోజు, అంటే రెండో సోమవారం, ఆ పిల్ల నోట్‌బుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. పెట్టె రాత్రీ పగలూ అంకెల్ని దాచుకుంటుందట. వాటిని గీతగా గీసింది. గీత మెల్లగా ఎక్కుతోంది, ఒక చోట నిటారుగా పడిపోతోంది. మళ్ళీ ఎక్కుతోంది, మళ్ళీ పడుతోంది. రంపం పళ్ళలా ఉంది.

"చూడు తాతా. నాలుగొందల యాభై దాకా ఎక్కుతుంది. సరిగ్గా ఆరింటికి మూడొందలకి పడిపోతుంది. ఒక్క రోజు కూడా తప్పలేదు. నువ్వు ఇక్కడే ఉంటావు కదా, పొద్దున్న ఆరింటికి ఇక్కడ ఏమవుతుంది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి పక్కనున్న నీళ్ళ డబ్బా మీదకి పోయింది. ఆ పిల్ల చూడలేదు.

"ఏమీ అవదు," అన్నాను.

నేను పోస్తున్నానని చెబితే యంత్రం బాగానే ఉందని తేలుతుంది. యంత్రం బాగుంటే నా గది ఉండదు. ఇంత లెక్క వేసుకుని అబద్ధమాడానని చెప్పను. ముందు అబద్ధం వచ్చింది, లెక్క తర్వాత వచ్చింది.

"అయితే తప్పు పెట్టెలోనే ఉంది," అంది నత్త. పుల్లలు పీకి, పెట్టె తీసుకుని లోపలికి పోయింది. సాయంత్రం బడి వదిలాక చూస్తే అద్దాల గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. పెట్టె మూత విప్పి, వైర్లన్నీ బల్ల మీద పరిచి, కళ్ళజోడు పైకి తోసుకుంటూ ఒక్కొక్కటే పట్టి లాగి చూస్తోంది. అటెండరు వచ్చి లైటు తీసేదాకా అలాగే ఉంది. వెళ్తూ వెళ్తూ పెట్టె తెచ్చి మళ్ళీ మడిలో గుచ్చిపోయింది.

మర్నాడు పొద్దున్న డబ్బా నింపుకుని మూడో మడి దగ్గరికొచ్చి ఆగాను. పొయ్యలేదు. నాలుగో మడికి పోయాను. అక్కడితో నా తప్పు సర్దుకున్నట్టే అనుకున్నాను.

మధ్యాహ్నం ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. అది పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"తాతా, బాగైపోయింది. ఎర్ర వైరు కాస్త వదులుగా ఉంది, మార్చేశాను. ఇవాళ ఆరింటికి అంకె పడలేదు. టీచరమ్మ శభాష్ అని రాసింది చూడు."

నోట్‌బుక్కు చూపించింది. 'కారణం: ఎర్ర వైరు వదులుగా ఉండడం' అని రాసి ఉంది. పక్కన టిక్కు. ఆ పిల్ల నవ్వింది. పళ్ళకి తీగ కట్టి ఉందని అప్పుడు తెలిసింది.



నాకు పని నేర్పినాయన ఒక మాట చెప్పాడు. మిట్టమధ్యాహ్నం నీళ్ళు పోస్తే ఆకులు కాలిపోతాయని. ఎనిమిదేళ్ళు నమ్మాను. ఎండకి వాలిపోయిన మొక్కల ముందు సాయంత్రం దాకా ఖాళీ డబ్బా పట్టుకుని కూర్చునేవాణ్ణి. కొన్ని చచ్చిపోయేవి. ఒకనాడు మధ్యాహ్నం పైపు పగిలి మడి మొత్తం ఆకులతో సహా తడిసింది. ఏ ఆకూ కాలలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. అయినా ఆ ఎనిమిదేళ్ళ మొక్కలు నాకు గుర్తున్నాయి. ఈ పిల్ల కూడా ఇక మీదట ఏది పాడైనా ముందు ఎర్ర వైరు పట్టుకుంటుంది.

"వైరు కాదు," అన్నాను.

"ఏంటి తాతా?"

"వైరు బాగానే ఉంది. ఆరింటికి నీళ్ళు పోసేది నేను. ఇవాళ పొయ్యలేదు."

ఆ పిల్ల అలవాటు ప్రకారం ఆలోచించింది. మధ్యలో చెప్పేసేవాళ్ళు అక్కడెవరూ లేరు.

"నిన్న నిన్ను అడిగాను కదా."

"అడిగావు."

"ఏమీ అవదన్నావు."

"అన్నాను."

పెన్ను తీసి ఆ కారణం కొట్టేసింది. టీచరమ్మ పెట్టిన టిక్కు కూడా కొట్టేసింది. కాగితం చిరిగింది. తర్వాత టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని వెళ్ళిపోయింది.

బుధవారం రాలేదు. గురువారం రాలేదు. గట్టంతా నాదే. ఈ చివర కూర్చున్నా, ఆ చివర కూర్చున్నా ఒకటే. అయినా ఈ చివరే కూర్చున్నాను.

గురువారం సాయంత్రం టీచరమ్మ నా గదికి వచ్చింది. రెండో కుర్చీ మీద డబ్బాలున్నాయి. తీస్తానంటే వద్దంది, గుమ్మంలోనే నిలబడింది.

"ఆ పిల్ల అంతా చెప్పిందండీ. మీరు ముందే చెప్పి ఉంటే ఎనిమిది రోజులు కలిసొచ్చేవి."

"అవునమ్మా."

"కానీ ఒకటి. అంకెలు చూసి ఇక్కడ ఎవరో ఏదో చేస్తున్నారని పట్టుకుంది. అది పుస్తకంలో రాదు. రేపు పంపిస్తాను. మీరు మాట్లాడండి."

"నాకు మాటలు రావమ్మా."

"దానికీ రావు," అని వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం నత్త వచ్చింది. గట్టు మీద కూర్చోలేదు, మడి పక్కన గొంతుక్కూర్చుంది.

"కారణం దొరికాక కోపం దేనికి అంది టీచరమ్మ."

నేను నీళ్ళ డబ్బా పక్కకి జరిపాను.

"నాకు ఇంకా కొంచెం ఉంది," అంది.

"ఉండనీ."

మళ్ళీ మడి వైపు తిరిగింది. నేను చెయ్యి కట్టేసుకుని నాలుగు రోజులైంది. ఎండ ముదిరింది. మొక్కల తలలు వాలిపోయాయి, అడుగాకులు మెత్తబడ్డాయి. పెట్టె మీద అయిదొందల తొంభై. మోటారు కదల్లేదు.

"ఏడొందలు రావాలి. రాకముందే ఇవి ఎందుకు పడిపోయాయి తాతా?"

అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే నోరు విప్పలేదు. ఊరుకుంటే చాలు. సోమవారానికి ఆరొందల యాభై వస్తుందేమో, మొక్కలు మాత్రం ఉండవు. హెడ్మాస్టరు వస్తాడు, ఎండిపోయిన మడి చూస్తాడు, పెట్టె తీయించేస్తాడు. నన్ను ఎవరూ ఏమీ అనరు. జోలికి వెళ్ళొద్దన్నది ఆయనే. గది నాదే. నేను చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే, అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

నత్త అడిగింది.

"నువ్వైతే ఎప్పుడు పోస్తావు?"

ఇరవై రెండేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నీళ్ళు పోశావా అని అడిగారు. ఎందుకు పొయ్యలేదని అడిగారు. ఎప్పుడు పోస్తావని, అది నీకెలా తెలుస్తుందని ఎవరూ అడగలేదు. మా ఆవిడ కూడా అడగలేదు.

"ఏడొందలని ఎవరు చెప్పారు?" అన్నాను.

"వీడియోలో ఒకాయన."

"ఆయనది ఇసక నేలా, నల్ల నేలా?"

"తెలీదు. బల్ల మీద కుండీలో చూపించాడు."

"ఇది నల్ల నేల. లోపల తడి ఉన్నట్టే ఉంటుంది, మొక్కకి అందదు. వేలు పెట్టి చూడు. రెండు కణుపుల దాకా."

కర్చీఫ్ తీసి వేలికి చుట్టుకోబోయింది.

"తీసెయ్. గుడ్డకి తెలీదు."

కాసేపు తటపటాయించి వేలు గుచ్చింది. మొహం అదోలా పెట్టింది.

"చల్లగా లేదు. పొడి పొడిగా ఉంది."

"ఇది ఆలస్యం. సరైనది ఎలా ఉంటుందో ఇంకో మడిలో చూద్దాం."

పన్నెండు మళ్ళూ తిరిగాం. ఆ పిల్ల రాని రెండు రోజులూ నేను కొన్ని మళ్ళకే పోశాను, అందుకని ఒక్కోటి ఒక్కోలా ఆరి ఉంది. ముందు నేను వేలు పెట్టడం, తర్వాత తను వేలు పెట్టడం, ఆ తర్వాత పుల్లలు గుచ్చి అంకె చూడడం. "ఇది ఇప్పుడే పొయ్యాలి." "అయిదొందల ముప్పై." "ఇది రేపటి దాకా ఆగుతుంది." "నాలుగొందల అరవై." "ఇదీ ఇప్పుడే." "అయిదొందల పది." మళ్ళీ బెల్లు కొట్టారు. టీచరమ్మ కిటికీలోంచి చూసింది, పిలవలేదు. చివరి మడి దగ్గరికి వచ్చేసరికి నేను చెప్పకముందే తను చెబుతోంది. రెండు తప్పాయి, మిగతావి సరిపోయాయి. గోళ్ళలో మట్టి చేరింది. కడుక్కోలేదు, ఆ చేత్తోనే లెక్క రాసుకుంది.

"అయిదొందల ఇరవై," అంది. తర్వాత వెనక పేజీలు తిప్పి ఆగిపోయింది. "కానీ తాతా, నువ్వు రోజూ పోసేటప్పుడు నాలుగొందల యాభయ్యే ఉంది."

"ఊఁ."

"అంటే రోజూ పొయ్యాల్సిన పని లేదు."

"లేదు. రెండ్రోజులకోసారి చాలు."

"తెలిసీ ఎందుకు పోశావు?"

"పొద్దున్నే ఇంకేం పని ఉంటుంది?" అన్నాను.

ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుంటుందేమో అనుకున్నాను. రాసుకోలేదు.

లోపలికి వెళ్ళి ఏడొందల చోట అయిదొందల ఇరవై పెట్టుకొచ్చింది. పుల్లలు గుచ్చగానే మోటారు తిరిగింది. సాయంత్రానికి మొక్కలు తలలెత్తాయి.

అటెండరుకి ఈ సంగతి నేనే చెప్పాను. మూడు ముక్కల్లో చెప్పాను.

"కూర్చున్న కొమ్మ నరుక్కునే వాళ్ళని చూశాను బాబాయ్," అన్నాడు. "గొడ్డలి మొద్దుబారిందని ఇంకొకళ్ళకి సాన పట్టి ఇచ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

శని, ఆదివారాలు మూడో మడిని ముట్టుకోలేదు. ఆదివారం బడిలో ఎవరూ ఉండరు. డబ్బా చేతిలో పట్టుకుని రెండుసార్లు అటు వెళ్ళాను. రెండుసార్లూ తిరిగొచ్చాను.

సోమవారం పది గంటలకి హెడ్మాస్టరు వచ్చాడు. తరగతి మొత్తం మడి చుట్టూ మూగింది. పెట్టె మీద అయిదొందల పద్నాలుగు. అందరూ దాన్నే చూస్తున్నారు. ఎండ ఎక్కుతోంది. అయిదొందల పదహారు. హెడ్మాస్టరు వాచీ చూసుకున్నాడు.

"నత్త మిషను కదా, అదీ నత్తే," అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు.

ఆ పిల్ల వేలు మట్టిలో పెట్టి చూసింది. "ఇంకాసేపట్లో తిరుగుతుంది సార్," అంది. ఎక్కువసేపు పట్టలేదు. అయిదొందల ఇరవై ఒకటి పడింది, బకెట్లో గురగురమంది, గొట్టంలోంచి నీళ్ళొచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"అయిదొందల ఇరవయ్యే ఎందుకు?" అని అడిగాడు హెడ్మాస్టరు.

నత్త ఆలోచించింది. పక్కనున్న పిల్లాడు నోరు తెరవబోతే టీచరమ్మ చెయ్యెత్తి ఆపింది. అందరూ ఆగాల్సొచ్చింది.

"తాత వేలు సార్. పన్నెండు చోట్ల కొలిచి, పొయ్యాలన్న చోట్ల సగటు తీశాను."

హెడ్మాస్టరు అది హాస్యమనుకుని నవ్వాడు. టీచరమ్మ నవ్వలేదు. నేను గోడ వారన నిలబడి ఉన్నాను. నవ్వాలో వద్దో తెలియలేదు.

ప్రదర్శనకి ఆ పిల్ల వెళ్ళింది. తోడుగా ఇంకో ముగ్గురు చేరారు, మిగతా మళ్ళకి పెట్టెలు చెయ్యడానికి. ఇప్పుడు మధ్యాహ్నం నలుగురూ వరండాలో కూర్చుని తింటారు. వాళ్ళల్లో ఒకతి దాన్ని నత్తా అని పిలిస్తే, "చెప్పు తాబేలూ," అంటుంది ఇది. గట్టు దాకా వినిపిస్తుంది. ఒకరోజు అక్కడి నుంచే నాకు చెయ్యి ఊపింది. నేను తలూపాను. రమ్మని పిలవలేదు. అక్కడుండాల్సిన పిల్లే అది.

నెల తిరక్కుండానే పన్నెండు మళ్ళకీ గొట్టాలు పడ్డాయి. బీన్సు మళ్ళకి అంకె వేరే పెట్టాల్సొచ్చింది. దానికీ నా వేలే అడిగారు, ఇచ్చాను. హెడ్మాస్టరు పిలిచి, "ఏడాది చివరి దాకా గది ఉంచుకో పెద్దాయనా. అంతవరకూ గేటు చూసుకో," అన్నాడు.

"అలాగే సార్," అన్నాను.

మెలకువ మాత్రం ఇంకా అయిదున్నరకే వస్తుంది. ఇవాళ కూడా వచ్చింది. గేటు తియ్యడానికి చాలా టైముంది. మళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఆరో మడిలో, వంగ మొక్కల మధ్య వేలు పెట్టి చూశాను. ఆరింది. పొయ్యాల్సిందే. పెట్టె మీద అయిదొందల పంతొమ్మిది.

కుళాయి నాలుగడుగుల దూరంలో ఉంది, డబ్బా దాని కిందే ఉంది. ఇప్పుడు నేను పోస్తే లోపల పిల్లలు గీసుకునే గీత అయిదొందల ఇరవై రాకుండానే ఆరింటికి పడిపోతుంది. ఎందుకు పడిందో మళ్ళీ వెతుక్కుంటారు. ఏ వైరో పట్టి లాగుతారు.

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. పావుగంట పట్టింది. మోటారు తిరిగింది.